బీరువాలో ఛార్జింగు

మొన్న నా ఫోను ఛార్జరు పాడైతే ఏలూరు బజారులో ఒక కొట్టుకు వెళ్లాను. ఎవరు చేశారో, ఎంత కరెంటు ఇస్తుందో ఒక్క ముక్కా రాసిలేని ఛార్జరు ఒకటి నా చేతిలో పెట్టి, "ఏదైనా ఒకటేనండీ, పిన్ను పడితే చాలు" అన్నాడు కొట్టాయన. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా చేరి, సగం సర్వీసు బ్యాటరీ గదిలోనే గడిపిన మనిషిని నేను. ఒళ్లు మండి, కొనకుండానే వచ్చేశాను. కానీ ఇంటికొచ్చి కాఫీ కలుపుకుంటుంటే ఆ కోపం కాస్తా ఎటో పోయి, ఆ మాటే నన్ను కరోనా మొదలైన ఏడాదికి, జర్మనీలో ఇంగోల్‌స్టాట్ ఊళ్లోని మా అమ్మాయి ఇంటికి లాక్కుపోయింది.

అమ్మాయికి పురుడు పోసి మూడు నెలల్లో తిరిగొద్దామని వెళ్లినదాన్ని, విమానాలు ఆగిపోయి, వీసా పొడిగించుకుందామంటే ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరక్క, అక్కడే చిక్కుకుపోయాను. రెండు గదుల ఇల్లు. బయటికి కదలడానికి లేదు, ఇంటికొచ్చేవాళ్లు లేరు. అయినా ఎందుకో ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులు ఎంతో తియ్యగా ఉంటాయి. నలుగురం, అంటే మేం ముగ్గురమూ, ఉయ్యాలలో పసిగుడ్డూ, మూడు పూటలా ఒకచోటే. నేను తెచ్చిన కారప్పొడి అడుగంటుతుంటే చెంచాతో కొలిచి వేసుకునేవాళ్లం. అంత కలిసి నేను మా అమ్మాయితో దాని పెళ్లికి ముందు కూడా గడపలేదు, డ్యూటీలతోనే సరిపోయేది కదా.

అల్లుడిది కరీంనగర్. కార్ల ఫ్యాక్టరీలో బ్యాటరీలు పరీక్షించే ఇంజినీరు. నన్ను "అత్తమ్మా" అంటాడు, నా ఎదుట కాలు మీద కాలు వేసుకుని కూర్చోడు. బంగారంలాంటి మనిషి. కాకపోతే ఇంటి నుంచి పనిచేస్తూ రోజుకు అయిదారుసార్లు చెత్త పారేసి వస్తానని కిందికి దిగేవాడు. అంత చెత్త మా ఇంట్లో ఎక్కడ పుడుతోందో నాకు అర్థమయ్యేది కాదు. పైగా తిరిగొచ్చాక అతని కోటు దగ్గర మామిడిపండు వాసన! ఆ చలిలో మామిడిపండేమిటి, నా ముక్కుకేమైనా అయిందా అని భయపడ్డాను కూడా. మా అమ్మాయికి జలుబు, దానికేమీ తెలియలేదు.

ఒకరోజు పొద్దున్నే పాపకు స్నానం చేయిద్దామని, గుమ్మం పక్కన బీరువాలో మడతపెట్టిన తువ్వాలు తీయబోతే చేతికి వేడి తగిలింది. పాప బట్టల కింద, ఫోను ఛార్జరు వైరుకు తగిలించి, లావుపాటి పెన్నంత వస్తువు ఒకటి ఉంది. కరెంటు సిగరెట్టు. ఆ మామిడిపండు వాసన దీనిదే. మన దేశంలో అప్పటికే నిషేధించారు, అక్కడ బాగానే అమ్ముతారు. పక్కనే వేలాడుతున్న కోటు జేబులో తాళాలూ చిల్లరా, వాటి మధ్య దానికి వేసే రెండో బ్యాటరీ, పై తొడుగు చిరిగిపోయి. మన టార్చిలైటు సెల్లులాగే ఉంటుంది గాని, తొడుగు చిరిగినచోట తాళం అడ్డుపడిందంటే రెండు కొసలూ కలిసిపోయి నిప్పే. దీపం కింద చీకటి అంటే ఇదే కదా, కార్ల బ్యాటరీలకు పరీక్షలు పెట్టే మనిషి ఇంట్లో ఈ నిర్వాకం!

ఎందుకు దాచాడో మన తరం వాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ల ఎదుట పొగ తాగకపోవడం చిన్నవాళ్ల మర్యాద, తాగుతున్నారని తెలిసినా తెలియనట్టుండడం పెద్దవాళ్ల మర్యాద. అందులోనూ అత్తగారూ అల్లుడూ. పైగా బిడ్డ పుట్టేలోగా మానేస్తానని మా అమ్మాయికి మాటిచ్చాడట. బాలింత ఇంట్లో గొడవ దేనికని, నేను వైరు ఊడదీసి, ఆ రెండో సెల్లును ఒక కాగితంలో చుట్టి కోటు కింద బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. చూసి గ్రహిస్తాడులే అనుకున్నాను. గొప్ప పని చేశాననుకున్నాను కూడా.

గ్రహించాడు. ఎవరో చూశారని గ్రహించి, ఇంకా లోపలికి దాచాడు.

మూడోనాడు ఎండ కాసింది. పాపను బాల్కనీలో కాసేపు పడుకోబెడదామని, ఒక చేత్తో దాన్ని ఎత్తుకుని రెండో చేత్తో పిల్లబండి లాగితే, వెనకాలే వైరు సాగి వచ్చింది. బండిలో పరుపు కింద పెట్టాడు! అక్కడైతే నేను చూడననుకున్నాడు, నేను వచ్చేలోగా తీసేద్దామనుకున్నాడు. పరుపు అడుగుభాగం ముట్టుకుంటే వెచ్చగా ఉంది. నా గుండె ఆగినంత పనైంది. ఇందులో అతని తప్పెంతో నా తప్పూ అంతే. నోరు మూసుకుని నేనే ఆ నిప్పును బీరువాలోంచి పసిపిల్ల పక్కలోకి తోశాను.

పాపను అమ్మాయికిచ్చి, వంటింట్లోకి అల్లుణ్ణి పిలిచి, ఆ సరంజామా అంతా పింగాణీ పళ్లెంలో వేసి అతని ముందు పెట్టాను. పాపం, ముఖం పాలిపోయింది.

"అది నాదే అత్తమ్మా. తప్పయింది. దాని ఛార్జర్ పోయింది, దుకాన్లు బంద్ ఉన్నయ్. పిన్ను పట్టింది గదా అని ఫోన్‌ది పెట్టిన."

"తాగుతున్నారా మానేశారా అని నేనడగట్లేదు బాబూ, అది మీరూ మీ ఆవిడా చూసుకోండి. నాకు కనపడకూడదని దాస్తున్నారు చూడండి, దానికే నాకు భయం. నా కళ్లెదుట పెట్టండి."

ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టే చెప్పాను. దేని ఛార్జరు దానికే. బట్టల్లో, పరుపుల్లో వద్దు, గచ్చు మీద పెట్టు, మనిషి ఉన్నప్పుడే పెట్టు. ముట్టుకుంటే కాలితే తీసెయ్. తొడుగు చిరిగిన సెల్లు ఇక సెల్లు కాదు. ఇవన్నీ అతనికి తెలియనివా? నాకంటే ఎక్కువే తెలుసు. తెలిసిన మనిషి చేత కూడా తెలివితక్కువ పని చేయించేది సిగ్గు.

ఆ సాయంత్రం తనే మా అమ్మాయికి చెప్పేశాడు. అది ఏడ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు, నా మీద కూడా అలిగింది, ముందే ఎందుకు చెప్పలేదని. తర్వాత నమ్మకమైన చోట వెతికి, సెల్లు నిండగానే తనంతట తానే ఆగే ఛార్జరూ, కొత్త సెల్లులూ, అవి పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా తెప్పించాడు. పాత సెల్లును చెత్తలో వేయకూడదు కాబట్టి, కొసలకు టేపు చుట్టి సూపర్ మార్కెట్లో వాటికోసం పెట్టిన పెట్టెలో వేసి వచ్చాడు. వంటింటి గట్టు మీద ఆ ఛార్జరు ఎర్రదీపం వెలిగినప్పుడల్లా "అత్తమ్మా, జర చూడుండ్రి" అని నాకు అప్పజెప్పి వెళ్లేవాడు. అత్తగారికి సిగరెట్టు కాపలా! నవ్వుకునేదాన్ని గాని, నేను నిజంగా ఆ ఇంటి మనిషినైంది ఆ రోజుల్లోనే.

తర్వాత రెండేళ్లకు దాదాపుగా మానేశాడు. ఎప్పుడైనా మనసు లాగినా దాచడు, "నిన్న ఒకటి తాగిన అత్తమ్మా, ఇంట్ల చెప్పిన" అని ఫోనులో నాకే చెప్తాడు. మనవరాలు జర్మన్‌లో వాళ్ల నాన్నను గదమాయిస్తుంటే వినపడుతుంది. చెప్పుకోవడం, అడగడం, అలగడం, అన్నీ వాళ్లింట్లో బాహాటంగా నడుస్తాయి. వింటుంటే ముచ్చటేస్తుంది, మా ఇల్లూ గుర్తొస్తుంది.

కాలం చేసిన మా ఆయన మా అత్తగారి భయానికి దొడ్లో సిగరెట్లు తాగేవారు. నేను చూసీ చూడనట్టుండేదాన్ని. ఆవిడ పోయాక కూడా ఆయన దొడ్లోనే తాగారు, నేను చూడనట్టే ఉన్నాను. చివరికి మెట్లెక్కుతూ గుండె పట్టుకుని ఆగితే, అడిగితే చిన్నబుచ్చుకుంటారని, అదీ చూడనట్టే పక్కనుంచి వెళ్లిపోయాను. నాకు చెప్పకూడదని ఆయన, అడగకూడదని నేను. అంత గౌరవంగా కాపురం చేశాం. ఏమైందండీ అని ఒక్కసారి అడగలేదు.