శాలువా తొందరపడిన పాట

నా భుజాల మీద శాలువా పడినప్పుడు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఆనందబాష్పాలనుకుని ముందు వరసలో ఎవరో ఫోటో కూడా తీశారు. ఆనందం కాదు, మన్నూ కాదు. ఒళ్ళు మండి వచ్చిన నీళ్ళవి. పాట ఇంకా సగం మిగిలే ఉంది మరి!

మొదటినుంచి చెబితేగాని నా బాధ అర్థం కాదు. మాది అనకాపల్లి. సింగపూర్ వచ్చి చాలా ఏళ్ళయింది, యీషున్‌లో ఉంటాం. ఒక కట్టడాల కంపెనీలో ఎస్టిమేట్లు వేయడం నా ఉద్యోగం. అది పొట్టకూటికి. ప్రాణానికి మాత్రం బేస్ గిటార్. "ఆడపిల్లవి, చక్కగా వీణ నేర్చుకోకూడదూ" అని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. వీణ కూడా నేర్చుకున్నాను, అయినా వదిలిపెట్టలేదు వాళ్ళు.

విశాఖలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ అక్క దగ్గర క్యాసెట్ ఒకటి దొరికింది. ఒక అమెరికా బ్యాండ్ పాటలు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు వాళ్ళ బాణీని. గిటార్లు, డ్రమ్ములు మామూలు రాక్ పాటల్లో ఉండేవే. పాట నడక మాత్రం మన కచేరీలో రాగం తానం పల్లవిలా తీరిగ్గా సాగుతుంది. మధ్యలో తాళం మారుతుంది, గతి మారుతుంది, ఒక్కో పాట ఇరవై నిమిషాలు దాటిపోతుంది. ఆ క్యాసెట్‌లో రెండో వైపంతా ఒకటే పాట. వింటూ వింటూ నా చెయ్యి తొడ మీద తాళం వేస్తోందని కాసేపటికిగాని గమనించలేదు. తకిట తకధిమి, తకిట తకధిమి. ఓరి వీళ్ళ దుంప తెగ, ఇది మన మిశ్రచాపు కదా అనుకున్నాను! ఆ రోజునుంచి వాళ్ళు నావాళ్ళయిపోయారు.

ఆ బ్యాండ్ కథంతా నాకు కంఠతా వచ్చు. సంగీతం చదువుకుంటున్న కుర్రాళ్ళు ముగ్గురు ఇంటి కింద గదిలో సాధన చేస్తూ మొదలుపెట్టారు. రికార్డు కంపెనీవాడు "రేడియోలో వెయ్యాలంటే పాట నాలుగు నిమిషాలు దాటకూడదు" అన్నాడు. వాళ్ళు తల ఊపి వెళ్ళి, మునుపటికన్నా పొడుగు పాట పట్టుకొచ్చారు. మొదటి రికార్డు ఎవరూ కొనలేదు. గాయకుడు వెళ్ళిపోయాడు, ఇంకొకణ్ణి వెతుక్కున్నారు. చివరికి అదే పొడుగు పాటల కోసం జనం ఊళ్ళు దాటి రావడం మొదలుపెట్టారు. అన్నీ బాగున్నాయనుకునేసరికి డ్రమ్మర్ అలిగి వెళ్ళిపోయాడు. ఆ వార్త విన్నరోజు నేను అన్నం తినలేదు. మా ఆయన "మీ చుట్టాలాయనా?" అని అడిగి, నా చూపు చూసి వంటింట్లోకి జారుకున్నాడు.

ఆ డ్రమ్మర్ ఏళ్ళ తర్వాత తిరిగొచ్చాడు, గడ్డం నెరిసిపోయి. అప్పుడే వాళ్ళు సింగపూర్ వచ్చారు. మా ఆయన్ని లాక్కుని వెళ్ళాను. నా రెండో వైపు పాట వాయించారు. ఆ పాట మధ్యలో ఒకచోట వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఏడేసి మాత్రల ఆవర్తాలు నాలుగు, పూర్తిగా నిశ్శబ్దం. ఆ తర్వాత డ్రమ్ ఒక్కటీ వచ్చి పడుతుంది. అంత పెద్ద హాల్లో ఆ నిశ్శబ్దంలో ఒక్కడు ఈల వెయ్యలేదు, ఒక్కడు చప్పట్లు కొట్టలేదు. అందరూ లోపల లెక్క పెట్టుకుంటున్నారు. ఆయన దెబ్బ సరిగ్గా అక్కడే పడింది. నేను భోరుమన్నాను. ఈ పాట నేను స్టేజి మీద మొదటినుంచి చివరిదాకా వాయించి తీరాలి అని ఆ క్షణాన అనుకున్నాను.

జట్టు కుదరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. డ్రమ్స్‌కి ఒక అంకుల్ దొరికారు. మలేషియాలో పుట్టిన తెలుగాయన. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటలకి వెళ్ళారట. చిన్నప్పుడు తోటలోని రామమందిరంలో భజనలకి మృదంగం కొట్టి, పెద్దయ్యాక పెళ్ళిళ్ళ బ్యాండ్లలో డ్రమ్స్ వాయించిన మనిషి. ఇప్పుడు క్రాంజీలో చేపల ఫారంలో పని. అక్కడి షెడ్డులో డ్రమ్ సెట్ పెట్టుకోనిచ్చాడు ఓనరు, కాబట్టి మా సాధనంతా అక్కడే. యీషున్ ఫ్లాట్‌లో ఆ మోత మోగిస్తే పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? గిటారూ పాటా క్లెమెంటిలో గది అద్దెకి తీసుకుని పరిశోధన చేసుకునే ఒక కరీంనగర్ అబ్బాయివి. కీబోర్డు మా ఆయన. ఆయనకి ఇష్టమా కాదా అని నేను అడగలేదు.

మొదటి ప్రయత్నం కిందటి ఏడాది ఉగాది సభలో. మన సభల సంగతి తెలిసిందే కదా. ఎవరు ఏం చేసినా దిగేలోపు శాలువా కప్పాలి, జ్ఞాపిక ఇవ్వాలి. మా తెలుగు సంఘం కార్యదర్శిగారు బంగారంలాంటి మనిషి, కాకపోతే శాలువా పట్టుకుంటే ఆగలేరు. మేం వాయిస్తున్నాం, బాగా వస్తోంది, నిశ్శబ్దం వచ్చింది. మొదటి ఆవర్తం పూర్తయిందో లేదో హాలంతా చప్పట్లు! కార్యదర్శిగారు మైకందుకుని "అద్భుతం, అత్యద్భుతం!" అంటూ పరుగున వచ్చి నాకు శాలువా కప్పేశారు. వెనక నుంచి పిల్లల డాన్సు ట్రాక్ మొదలైపోయింది. పట్టు పావడాలు మమ్మల్ని తోసుకుంటూ స్టేజెక్కేశాయి. అయిపోయింది.

"నా సోలో మొత్తం గా నిశ్శబ్దం తర్వాతనే ఉండె గదక్కా," అన్నాడు క్లెమెంటి అబ్బాయి బస్‌స్టాప్‌లో, ఏడుపుమొహంతో.

అంకుల్ డ్రమ్ పుల్లలు సంచిలో పెట్టేసుకున్నారు. "సుదా లా, చాలు అమ్మాయ్. నాను వొయిసు మళ్ళిన మనిసిని. వొచ్చే ఉగాది అవగానే మలేషియాలో మా ఊరు పోతన్నాను, పిల్లల కాడకి. ఇంకో డ్రమ్మర్‌ని సూసుకో," అన్నారు.

"ఇంకో డ్రమ్మర్ ఎందుకండీ? వచ్చే ఉగాదికి మీతోనే వాయిస్తాను, చివరిదాకా," అన్నాను. ఆయన సంచి భుజానికి తగిలించుకున్నారు. అమెరికా వాళ్ళ డ్రమ్మర్ అయినా తిరిగొచ్చాడు, ఈయన వెళితే ఇక రారు. ఒక్కటే అవకాశం మిగిలింది. భయమేసింది నాకు, దాచుకోవడమెందుకు.

కొన్నాళ్ళు అందరినీ తిట్టుకున్నాను. మనవాళ్ళకి సంగీతం అంటే సినిమా పాటే, చెవులు లేవు, ఓపిక లేదు అని. మా ఆయన గిన్నెలు కడుగుతూ అంతా విని, "ఆ పెద్ద హాల్లో వాళ్ళు ఎందుకు చప్పట్లు కొట్టలేదంటావ్?" అన్నాడు.

"వాళ్ళకి పాట తెలుసు కాబట్టి."

"మనవాళ్ళకి చెప్పావా?"

నిజమే కదా! చెప్పకుండా వాళ్ళ ముందు ఇరవై రెండు నిమిషాల పాట పెట్టి, వాళ్ళకి చెవుల్లేవంటానా? ఉలిక్కిపడి లేచి క్రాంజీకి ఫోన్ చేశాను. "అంకుల్, ఆ నాలుగు ఆవర్తాలూ హాలు చేత వేయిద్దాం. భజనలో వేసినట్టు. చేతికి పని ఉంటే మనవాళ్ళు కదలరు." చేపల ట్యాంకుల నీళ్ళ చప్పుడులోంచి అంకుల్ నవ్వారు. "ఆదివారం రా. పెలన్ పెలన్, నిదానంగా సేద్దాం," అన్నారు.

ఇక కార్యదర్శిగారిని ఒప్పించాలి. "నాలుగు నిమిషాలు చాలు తల్లీ, ఏదైనా మంచి సినిమా పాట కొట్టండి," అన్నారాయన.

"కంపెనీవాడు కూడా సరిగ్గా ఇదే అన్నాడండీ."

"ఏ కంపెనీ అమ్మా?" అన్నారు పాపం కంగారుగా.

నేను పట్టిన పట్టు విడవలేదు. చివరికి భోజనాల వ్యాన్ వచ్చేలోపు ఎంతసేపైనా వాయించుకోమన్నారు. మా అమ్మాయి మాత్రం "అమ్మా, సో లాంగ్ లా! ఎవరు కూర్చుంటారు?" అంది. కూర్చోబెడతాను చూడవే అన్నాను.

ఈ ఏడాది ఉగాది రోజు యీషున్‌లోని హాలు కిటకిటలాడిపోయింది. కుర్చీల మీద హ్యాండ్‌బ్యాగులూ టిష్యూ ప్యాకెట్లూ పెట్టి తమవని చోప్ చేసేసుకున్నారు ఆంటీలు. వెనక వరసల్లో క్రాంజీ డార్మిటరీల నుంచి వచ్చిన మనవాళ్ళు, షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసేవాళ్ళు. అంకుల్ పిలిస్తే వచ్చారు. నేను మైకు పట్టుకున్నాను.

"అందరి చేతులూ ఖాళీగా ఉన్నాయా?"

"ఉన్నాయి!"

"అయితే పని చెబుతాను. తకిట దగ్గర ఒకటి, తక దగ్గర ఒకటి, ధిమి దగ్గర ఒకటి. పాట మధ్యలో మేం ఆగిపోతాం. అప్పుడు తాళం మీది. మీరు వదిలేస్తే మేం మునిగిపోతాం." రెండుసార్లు వేయించాను. ముందు వరసలో తడబడ్డారు. వెనకవాళ్ళు మాత్రం ఊళ్ళో చెక్కభజనలు వేసిన చేతులతో దుమ్ము రేపారు.

పాట మొదలైంది. మొదటి పది నిమిషాలు నాకు ఏమీ గుర్తులేదు. అంకుల్ డ్రమ్ నా అరికాళ్ళలోంచి పైకొచ్చింది అంతే. మా ఆయన జన్మలో మొదటిసారి ఒక్క స్వరం తప్పలేదు. కొందరు ఆంటీలు కబుర్లు చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీ. స్టేజి పక్కన కార్యదర్శిగారు కవర్లోంచి శాలువా బయటికి తీయడం కనిపించింది.

మేం ఆగిపోయాం.

ఏ చప్పుడూ లేదు. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. అంతలో వెనక నుంచి పడింది. తకిట, తక, ధిమి. గట్టి చేతుల చప్పుడు. మధ్య వరసలు అందుకున్నాయి, తర్వాత ముందు వరసలు. రెండో ఆవర్తానికి హాలంతా ఒకటే చెయ్యి అయిపోయింది. కబుర్లాడుతున్న ఆంటీలు కబుర్లాపి వేస్తున్నారు. కార్యదర్శిగారు అలవాటుకొద్దీ స్టేజి మధ్యదాకా వచ్చేశారు, శాలువా రెండు చేతులా విప్పి పట్టుకుని. హాలు ఆగలేదు. ఆయన నన్ను చూశారు, హాలుని చూశారు. చేతులు ఖాళీ లేవు కదా, చెప్పుకాలితో తాళం వేయడం మొదలుపెట్టారు! నాలుగో ఆవర్తం నిండింది. అంకుల్ దెబ్బ పడింది, సరిగ్గా పడవలసినచోట. హాలు ఒక్కసారి "హో" అంది. నేను ఏడుస్తూ నవ్వుతూ వాయించాను, సిగ్గేమిటి?

క్లెమెంటి అబ్బాయి తన సోలో కళ్ళు మూసుకుని వాయించాడు, ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా. చివరి స్వరం కొట్టాం. పాట అయిపోయింది. మొదటినుంచి చివరిదాకా, అంతా.

అయిపోయిందని హాలుకి చెప్పడం మాత్రం మరిచిపోయాను. వాళ్ళు ఆపలేదు. తకిట తక ధిమి, తకిట తక ధిమి, పిల్లలూ పెద్దలూ, తలుపు దగ్గర భోజనాల గిన్నెలు మోసుకొచ్చినవాళ్ళు కూడా. మా అమ్మాయి కుర్చీ ఎక్కి వేస్తోంది. నేను బిక్కమొహం వేసి అంకుల్ వైపు చూశాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. పుల్లలు పైకెత్తి చూపించి, చిన్నప్పుడు రామమందిరంలో భజన ముగించినట్టు ముక్తాయింపు అందుకున్నారు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. హాలంతా ఆయనతో కలిసి ఒకే దెబ్బ మీద దిగింది. అమెరికా వాళ్ళ పాటకి అలాంటి ముగింపు అమెరికాలో కూడా దొరికి ఉండదు.

అంకుల్ చెమట తుడుచుకుంటూ "ఇక నాను ఊరు పోతాను అమ్మాయ్," అన్నారు, గుండెలనిండా నవ్వుతూ.

కార్యదర్శిగారు ఇంకా స్టేజి మధ్యలోనే ఉన్నారు. శాలువా అలాగే విప్పి ఉంది. ఆయన ఒక్క అడుగు ముందుకేసి, ఆగి, మైకు లేకుండా మెల్లిగా అడిగారు.

"అయిపోయిందా తల్లీ? నిజంగానేనా?"

"అయిపోయిందండీ," అన్నాను. "ముందు అంకుల్‌కి కప్పండి."