మలుపులో ఒరగని కారు

పాఠక మహాశయులకు ముందుగా నా క్షమాపణలు. యుద్ధం వచ్చినందుకు, పెట్రోలుకి కూపన్లు పెట్టినందుకు, పల్నాటి రోడ్లలో రోడ్డు కన్నా గతుకులు ఎక్కువ ఉన్నందుకు, బి.ఏ. ప్యాసైన వాడొకడు ఇంకా ఉద్యోగం లేకుండా మీ ముందు కాగితం ఖరాబు చేస్తున్నందుకు శిరసు వంచి మన్నింపు వేడుకుంటున్నాను. వీటిలో ఏ ఒక్కటీ నా చేతిలో లేదు. అయినా వేడుకోవడంలో లోటు చెయ్యకూడదని వేడుకుంటున్నాను. ఇంతకీ చెప్పవలసింది ఇది: మా ప్లీడరు మావయ్య పోయారు.

కోర్టు బంట్రోతు సైకిలు దిగి, స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయి, దాన్ని చేత్తో పట్టుకునే చెప్పాడు. "బాబూ, ప్లీడరు గారు వరండాలో బెంచీ మీద కూర్చున్నోరు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు." నాకు ముందు దుఃఖం రాలేదు. ఇతను పొరబడ్డాడనిపించింది. ఒరగడమంటే ఆయనకి గిట్టదు. ఎవరింటికి వెళ్ళినా గోడ మీద పటం కాస్త పక్కకి వాలి ఉంటే, కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి, దాన్ని సరిచేసి వచ్చి కూర్చునే మనిషి ఆయన.

ఆయన నాకు మేనమామ కాదు, పక్కింటాయన. నరసరావుపేటలో గోడ కలిస్తే చుట్టరికం కలిసినట్టే. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచింది గనక నాకు మావయ్య, ఆయన భార్య అత్తయ్య. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ లోటు తీర్చడానికి నేను రోజూ వాళ్ళింట్లో టిఫిను చేసేవాణ్ణి.

అత్తయ్య పుట్టిల్లు గురజాల అవతల ఒక పల్లె. అక్కడ ఆమె అక్క ఉంది. నడుము పడిపోయి మంచం దిగలేని మనిషి. యుద్ధం రోజుల్లో ఒకసారి అక్కని చూడ్డానికి అత్తయ్య ఒక్కతే బస్సెక్కింది. బొగ్గు బస్సులు మీకు గుర్తుండే ఉంటాయి. పెట్రోలు లేక, వెనక పెద్ద పీపా తగిలించుకుని, అందులో బొగ్గులు మండించుకుంటూ, దగ్గుకుంటూ నడిచేవి. ఆ బస్సు పిడుగురాళ్ళ దాటాక సున్నపు బట్టీల దగ్గర మలుపులో ఒరిగి, ఒరిగి, పడిపోయింది. ఎవరూ పోలేదు. అత్తయ్యకి భుజం ఎముక విరిగింది. ఎముకైతే అతుక్కుంది గాని, ఆ తర్వాత ఆమె చక్రమున్న దేన్నీ ఎక్కలేదు. జట్కా ఎక్కలేదు, రైలెక్కలేదు, ఎడ్ల బండి కూడా ఎక్కలేదు.

"పడినప్పుడు కాదురా భయం," అని నాకొకసారి చెప్పింది, "ఒరిగేటప్పుడు. కడుపులో ఏందో జారిపోయుద్ది. అది మళ్ళీ నాకొద్దు."

అక్క మాత్రం పేటకి సంతకి వచ్చే ప్రతి మనిషి చేతా ఒకే కబురు పంపేది: దాన్ని ఒక్కసారి చూడాలని ఉంది. ఆ కబురు విన్న ప్రతిసారీ మావయ్య కేసు కట్టల్లో తల దూర్చేవారు. బస్సు పడిన రోజు భార్యతో ఆయన కూడా వెళ్ళవలసింది. కోర్టులో వాయిదా ఉందని ఆగిపోయారు. ఆ మాట ఎవరితోనూ అనేవారు కారు గాని, అందరికీ తెలుసు.

దొరలు సామాను సర్దుకుంటున్న రోజుల్లో ఆయన నన్ను పిలిచి, "గుంటూరు పోదాం పదరా. కారు కొనాలి. ఇంగ్లీషులో బేరానికి నువ్వుంటే మంచిది," అన్నారు. బేరం మొత్తం తెలుగులోనే జరిగింది. నా డిగ్రీకి అవమానాలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

షెడ్డులో అమ్మకానికి మూడు కార్లు ఉన్నాయి. ఒకటి జమీందారు గారి పడవ లాంటి కారు. రెండోది మిలిటరీ వాళ్ళు వదిలేసిన జీపు. మూడోది ఒక దొర పందేల్లో తోలిన రెండు సీట్ల టాపు లేని కారు. టాపు అసలు లేదని కాదు, ఉన్నది చిరిగి వేలాడుతోంది. నేలకి అంటుకున్నట్టు, పొంచి కూర్చున్న పిల్లిలా ఉంది.

"ఇంజను చూడండి సార్, పులి," అన్నాడు బ్రోకరు, జమీందారు గారి కారు మూత ఎత్తుతూ.

"పులి సంగతి తర్వాత. దీన్ని పక్కనుంచి ఒకసారి తొయ్యనిస్తావా?"

బ్రోకరు నా వంక చూశాడు. నేను చాలా గంభీరంగా తల ఊపాను, ఇదంతా యూనివర్సిటీలో చెప్పిన పద్ధతే అన్నట్టు. మావయ్య కోటు విప్పి నాకిచ్చి, భుజం ఆనించి కారుని పక్కకి ఒక్క తోపు తోశారు. జమీందారు గారి కారు ఉయ్యాలలా ఊగి, ఊగి, ఎప్పటికో ఆగింది. జీపు ఊగడం తక్కువే గాని, మనిషి ఎత్తున నిలబడి పక్కకి వాలి చూసింది. మూడోది ఇలా కదిలి అలా నిలబడిపోయింది. మావయ్య దాన్ని మళ్ళీ తోశారు. తర్వాత దాని కిందకి దూరి, స్ప్రింగుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి, ఒళ్ళంతా దుమ్ముతో బయటికి వచ్చారు.

"ఇది ఎంతకిస్తావు?"

"చవగ్గానే ఇచ్చేస్తానండి. ఎవరూ అడగట్లా. ఇద్దరే పడతారు. సంసారులకి పనికిరాదు."

"మా సంసారం ఇద్దరమే," అన్నారు మావయ్య.

కారు పేటకి వచ్చింది. అత్తయ్య వాకిట్లోకి వచ్చి, దాని చుట్టూ తిరిగి, "ఏందిది, సగమే ఇచ్చారా?" అని అడిగి లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం నుంచి మావయ్యకి కోర్టు రెండో వృత్తి అయిపోయింది.

మొదట స్టీరింగు. దాన్ని పావు చుట్టు తిప్పినా చక్రాలకి కబురు అందేది కాదు. అరిగిపోయిన బుష్షుల్ని ఊడదీసి, చిలకలూరిపేటలో పత్తి మిల్లు లేతు మీద కొత్తవి చెక్కించి వేశారు. తర్వాత స్ప్రింగులు. బస్సు షెడ్డు సాయెబు మేస్త్రీ వాటి వంపు తగ్గించి కారుని ఇంకాస్త కిందకి దించాడు. స్ప్రింగు పట్టీలు విడివిడిగా ఆడకుండా, ఆముదంలో నానబెట్టిన పురికొసతో గట్టిగా చుట్టాడు. ఊపు మింగే బిళ్ళలు అరిగిపోతే చెప్పుల తోలు కోసి వేశారు. ఈ పనులన్నిటిలోనూ పర్యవేక్షణ నాది. అంటే వాళ్ళు కింద పడుకుంటే నేను పైన కూర్చునేవాణ్ణి.

అప్పుడొచ్చింది మావయ్యకి ఆ మహత్తర ఆలోచన. ఆయనది ముందు వ్యవసాయ కుటుంబం, తర్వాతే వకాల్తా. బండికి బరువు కట్టేటప్పుడు కాడి మీద కాస్త మొగ్గు ఉండాలని, లేకపోతే బండి వెనక్కి లేచిపోతుందని పల్నాట్లో పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. అందుకని రెండు నాపరాళ్ళు తెప్పించి, ముందు వైపు, ఇంజను పక్కనే తాళ్ళతో కట్టించారు. "ఇప్పుడు ముక్కు నేలకి పట్టుద్ది," అన్నారు. మేస్త్రీ ఔనన్నాడు. నేనూ ఔనన్నాను. ముగ్గురిలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

ఊరి బయట మొదటి మలుపులో మావయ్య స్టీరింగు తిప్పారు. చక్రాలు తిరిగాయి. కారు మాత్రం తిరగలేదు. తిన్నగా రోడ్డు దిగి, మిరప చేలోకి వెళ్ళి, నల్లమట్టిలో మెత్తగా ఆగింది. గట్టు మీద రైతు చుట్ట తీసి చేత్తో పట్టుకుని మమ్మల్ని చాలాసేపు చూశాడు.

"ఏంది ప్లీడరు గారో, దున్నటానికి వచ్చారా? ఎద్దులేయి మరి?"

మావయ్యకి కోపం రావలసింది. కారు దిగి, చాలులో కూర్చుని, అరచేత్తో మోకాలు కొట్టుకున్నారు. "చూశావట్రా, వాడు చెప్పింది నిజం. ఎద్దుంటేనే కాడి మీద బరువు. దీని ఎద్దు, అదే ఇంజను, బండిలోనే కూర్చుంది గదా. దాని మీద మళ్ళీ రాళ్ళు పెట్టాం." పాడైన మొక్కలకి పరిహారంగా ఆ రైతు పొలం దావా ఆయన ఊరికే వాదించారు. గెలిచారు కూడా. మా పరిశోధనలో అందరి కన్నా లాభపడ్డవాడు ఆ రైతే.

ఆ తర్వాత నాపరాళ్ళు సీట్ల కిందకి వచ్చాయి, బ్యాటరీ సీట్ల వెనక్కి వెళ్ళింది. అప్పటినుంచి కారు మాట వినడం మొదలుపెట్టింది.

ఆదివారాలు సున్నపు బట్టీల మలుపు దాకా వెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు తిన్నని రోడ్డు మీద నాకు తోలడం నేర్పేవారు గాని, మలుపు కనబడగానే "దిగు, నాకియ్యి," అనేవారు. అక్కడ నా పని ఎడమ సీట్లో చేతులు కట్టుకుని కూర్చోవడం.

"దేన్నీ పట్టుకోకు. నువ్విప్పుడు అత్తయ్యవి."

"నేను అత్తయ్యనే అయితే ఈపాటికి మిమ్మల్ని తిట్టేదాన్ని మావయ్యా."

"తిట్టు. పట్టుకోవాకు, అంతే."

మలుపు తిరిగాక నా వంక చూసి, "జారావా?" అని అడిగేవారు. నేను వేలెడు జారానంటే ఇంటికొచ్చి బిళ్ళలు బిగించేవారు. గట్టిగా ఉందంటే టైర్లలో గాలి తగ్గించి, అరచేత్తో నొక్కి చూసేవారు. వేగంగా పోవాలన్న ఆశ ఆయనకి ఏనాడూ లేదు. "జోరుగా పోవటానికి దొరలు చేసిన బండిరా ఇది," అన్నారొకసారి, "నాకు మీ అత్తయ్య నిద్రపోతే చాలు ఇందులో."

చివరికి నేను జారడం మానేశాను. ఆ సంగతి టిఫిను దగ్గర అత్తయ్యకి రోజూ చెప్పేవాణ్ణి. ఆమె వినీ విననట్టు ఉండేది.

ఒక ఉదయం మావయ్య కారు కింద ఉన్నారు, నేను అరుగు మీద ఉన్నాను. అత్తయ్య పట్టుచీర కట్టుకుని గడపలోకి వచ్చింది. ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో అక్క కోసం సున్నుండల డబ్బా.

"పదండి. పోయొద్దాం," అంది.

మావయ్య కారు కిందనుంచి బయటికి వచ్చి ఆమెని చూశారు. అంత భయపడిన మనిషిని నేను ఏ బోనులోనూ చూడలేదు. ఆమె ముఖం చూసి, భుజం చూసి, కారు వెనక భాగం చూశారు.

"వెనక ఎడమ స్ప్రింగు ఇంకా కిర్రుమంటోంది. ఒక్క వారం ఆగు."

"అట్నే," అంది అత్తయ్య. లోపలికి వెళ్ళింది. కాసేపటికి మామూలు చీరలో వచ్చి సున్నుండల డబ్బా నా ముందు పెట్టింది. అది కిర్రుమంటే ఏమవుతుంది మావయ్యా, ఎక్కించుకోండి అని నేను అనగలిగేవాణ్ణే. ఆ మాట నోట్లో తిరిగింది కూడా. ఆ నోట్లో అప్పటికే సున్నుండ ఉంది.

కిర్రు మర్నాటికే పోయింది. అత్తయ్య మళ్ళీ అడగలేదు. మావయ్య అడిగితే, "ఇప్పుడు కాదులెండి," అనేది. కోపంగా కాదు, పొయ్యి మీద పాలున్నాయన్నట్టు చెప్పేది. ఆయన ఆదివారాలు ఎడమ సీటు దుమ్ము దులిపి, తుడిచి, ఊరికే నిలబడేవారు. ఒకసారి గుడ్డ పిండుతూ, నాతోనో కారుతోనో అన్నారు: "ఆ రోజు ఎక్కించుకోవలసింది. బాగుచేస్తన్నంతసేపు పడదు గదా అని, బాగుచేస్తానే ఉన్నా."

నాకు హాస్యం వచ్చు. ఏ మాటకైనా ఎదురు మాట తయారుగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఆయన చేతిలో గుడ్డ తీసుకుని కుడి సీటు తుడిచాను.

కర్మకాండ ముగిసింది. భర్త పోయిన ఆడమనిషి పుట్టింట ఒక రాత్రి నిద్ర చేసి రావాలి కదా. అక్క మంచం దిగి రాలేదు గనక ఎడ్ల బండి పంపింది. అత్తయ్య మూటతో బయటికి వచ్చి, బండి వంక చూసింది, కారు వంక చూసింది. బండివాడితో, "నువ్వు మెల్లగా వెనక రా నాయనా," అంది. తర్వాత నాతో, "ఒరేయ్, తాళం నీ దగ్గరేగా?" అంది.

ఆమె ఎడమ సీట్లో కూర్చుని కొంగు బిగించుకుంది. "మలుపు రాబోయే ముందు చెప్పరా. కళ్ళు మూసుకుంటా."

"చెప్తానత్తయ్యా," అన్నాను.

ఊరు దాటాక ఆమె అక్క గురించి చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు అక్క తనకి జడ వేస్తే ఎంత బిగించి వేసేదో, కళ్ళు ఎట్లా పైకి లాగినట్టు ఉండేవో చెబుతోంది. పిడుగురాళ్ళ వెనకబడింది. ఎడమ పక్క సున్నపు బట్టీల పొగ కనబడింది. ఇక్కడ దిగి స్టీరింగు ఎవరికి ఇవ్వాలో తెలియక, చేతులు దాని మీదే ఉంచాను. ఆయన ఏ జోరులో తిప్పేవారో ఆ జోరులోనే తిప్పాను.

మహాశయులారా, ఆ కారుని ఎంచింది ఆయన, బిగించింది మేస్త్రీ, తప్పు పట్టింది రైతు. ఈ మొత్తం వ్యవహారంలో నేను స్వయంగా చేసింది ఒక్కటే. చెప్పమన్నప్పుడు చెప్పలేదు.

ఆమె మాట ఎక్కడా తెగలేదు. చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. చాలా దూరం వచ్చాక, "ఇంకా రాలేదేందిరా మలుపు?" అని అడిగింది.

"దాటామత్తయ్యా."

ఆమె సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద లేచి, చిరిగిన టాపు అంచు పట్టుకుని, మేం వచ్చిన దారిని చూస్తూ ఉండిపోయింది. గురజాల వచ్చేదాకా ఆమె ఇటు తిరగలేదు.