బొంత కడుపులో ఓళిగ

ఆ రోజుల్లో మా పత్తికొండ వైపు ఇళ్లలోకి కొత్త గుడ్డ ఎప్పుడో పెళ్లికో పండక్కో వచ్చేది గాని, పాత గుడ్డ మాత్రం ఇల్లు దాటి పోయేది కాదు. చీర చిరిగినా బొంతకే, పంచె చిరిగినా బొంతకే. (మా నాయన తలపాగా చిరగకముందే వాళ్లమ్మ, మా జేజి, దానివైపు చూస్తూ ఉండేది. ఆయన భయపడి దాన్ని తలకింద పెట్టుకొని పడుకునేవాడు.) ఇప్పుడు దుకాణాల్లో మడతపెట్టిన రగ్గులు చూస్తే చాలు, పన్నెండో పదమూడో ఏట నేను కుట్టిన మొదటి బొంత గుర్తొచ్చి కూర్చున్నచోట చురుక్కుమంటుంది. ఎందుకో చెబుతాను.

మా అక్క తొలికాన్పుకు వచ్చి కొడుకును కన్నది. ఐదో నెలలో బిడ్డ తన తండ్రి ఇంటికి పోయేటప్పుడు పుట్టింటి బొంత వెంట పోవడం మా ఇంటి ఆచారం. అందరి బొంతలూ జేజే కుట్టింది. ఆ ఏడు ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. అమ్మకు కుట్టు రాదు, అక్కకు ఓపిక లేదు, అందుకని దబ్బనం నా చేతికొచ్చింది. "ఈ బొంత గాని వాళ్లింటి నుంచి వాపసు వచ్చిందంటే, మనింట్లో కుట్టు నాతోనే సరి పాపా" అన్నది జేజి. అంతే, ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కలలో కూడా వంకర కుట్లే.

గుడ్డలు పొరలుగా పరిచి, బారులుగా కుట్టుకుంటూ పోయి, చివరికి ఒక మూల వదలాలి. అందులో ఎండిన జొన్నరొట్టె ముక్క పెట్టి మూసేయాలి. బొంత కడుపు ఖాళీగా ఉంటే బిడ్డకు ఆకలి తప్పదని జేజి నమ్మకం. మూసిన మూలను మళ్లీ విప్పకూడదు. నేను ఆ మూల దాకా వచ్చేసరికి, కల్లూరు నుంచి అక్క అత్త తల్లీబిడ్డలను తీసుకుపోవడానికి వచ్చింది. ఆమె కోసం బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేశారు. అంత దూరం పోయే బొంత, అందులోనూ మా అక్క కొడుకుది, దానికి ఎండురొట్టె ఏమిటి పాపం అనిపించింది. నా ఓళిగలో సగం నెయ్యితో సహా లోపల పెట్టి కుట్టేశాను. (మిగతా సగం తినేశాను లెండి, మహా త్యాగమేమీ కాదు.)

తెల్లవారి చూస్తే గడప నుంచి బొంత దాకా ఎర్రచీమలు బారులు తీరి ఉన్నాయి, నా కుట్లకంటే తిన్నగా. దులిపాను, ఎండలో పరిచాను, విదిలించాను. పోయిన చీమలు బంధువులను వెంటబెట్టుకొని వచ్చాయి. విప్పుదామంటే ఆచారం, చెబుదామంటే జేజి. ఇంతలో అక్క అత్త, బొంత ఏదీ చూద్దామంటూ ఇటే వచ్చింది. నాకేం తోచక దాన్ని మడిచి దానిమీద కూర్చున్నాను. చీమలు ఊరుకుంటాయా? పళ్లు బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కదలకుండా కూర్చుంటే, "ఈ పాప శానా నిదానం. మా ఇంట్లో పిల్లోళ్లయితే ఈ పాటికి ఇల్లు పీకి పందిరేసిందురు" అని ఆమె మెచ్చుకొంది.

బండి కట్టారు. బిడ్డను పడుకోబెట్టాలి, బొంత తెమ్మని అక్క పిలిచింది. ఆ పసివాడి లేత ఒంటిమీద ఈ చీమలా? నాకింక దాచడం చేతకాలేదు, బావురుమని ఏడ్చేశాను. జేజి తడుముకుంటూ వచ్చి, బొంతను ఒడిలోకి లాక్కొని మూల నొక్కి, వేళ్లు వాసన చూసింది. ఓళిగ పెట్టినావా అని అడిగింది. అవునన్నాను. దబ్బనం మొనతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"విప్పగూడదంటివి గదా జేజీ" అన్నాను వెక్కుతూ.

"కడుపునొప్పి వచ్చినపుడు మందేయల్ల గదమ్మే" అన్నది.

ఓళిగ బయటపడేసరికి అందరూ అక్క అత్త ముఖం చూశారు. బొంత ఇక్కడే ఉండిపోతుందని నేను కళ్లు మూసుకున్నాను. ఆమె మాత్రం పొట్ట పట్టుకొని నవ్వి, "బొంతకే ఓళిగ పెట్టే ఇల్లు, నా కోడల్ని ఎట్ల చూసింటారో తెలుస్తాండాది" అని, జేజి కొత్తగా రొట్టె ముక్క పెట్టించి నాచేత మూల మూయించినాక, తనే దులిపి బండిలో పరిచింది.

బండి కనుమరుగైనాక, నేను పుట్టినప్పుడు నాకు కుట్టిన బొంతలో ఏం పెట్టినావని జేజిని అడిగాను. "నువ్వు పుట్టిన యేడు కరువు. ఇంట్లో రొట్టె యాడిది? ఆ పొద్దు నా వంతుకొచ్చిన ముక్క పెట్టినా" అన్నది. మరి నువ్వేం తిన్నావంటే, గుర్తు లేదంది.

నా బొంత ఇంకా ఉంది. మనవరాళ్లకు అది బరువుగా ఉంటుంది, కప్పుకోరు. ఇన్నేళ్లకు లోపల పొడి కూడా మిగిలి ఉండదని నాకు తెలుసు. అయినా ఉతికేటప్పుడు ఆ ఒక్క మూలను బండకేసి బాదను, చేత్తోనే పిండుతాను. అది చూసి పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను.