కుందేలు కోసం మిషను ఆపిన మనిషి

జంతువుల కొట్టులో మా మరదలు వరలక్ష్మి, అంటే తమ్ముడి భార్య, గెలిచిన పోట్లాట నేను కళ్లారా చూశాను. అక్కడ కొన్న కుందేలు తన మనవరాల్ని కరిచిందని, తిరిగి ఇచ్చేసి రమ్మని ఆమె అల్లుడు పంపితే వెళ్లాం. కొట్టువాడు దాన్ని ఒళ్లో వెల్లకిలా తిప్పాడు. అది కాళ్లు చాపి కదలకుండా ఉండిపోయింది.

"చూశారా, ఎంత హాయిగా నిద్రపోతోందో! మీకే పట్టుకోవడం రాదమ్మా."

"ఏదీ, దాని రొమ్ము మీద చెయ్యి పెట్టు" అంది మరదలు. "నా కుట్టుమిషను కూడా అంత జోరుగా కొట్టుకోదు. అది నిద్రా నాయనా? కొయ్యబారిపోవడం. నిన్ను తలకిందులు చేసి పట్టుకుంటే నువ్వూ ఇంత బుద్ధిగానే ఉంటావు."

కొట్టులో వాళ్లంతా పకపకా నవ్వారు. వాడు చెయ్యి పెట్టి చూశాడు. ఇలాంటివాడి చేతిలో దీన్ని వదలనంటూ మరదలు కుందేల్ని చంకనెత్తుకుని ఇంటిదారి పట్టింది.

కొట్టువాణ్ణి గెలవడం ఒక ఎత్తు, అల్లుణ్ణి గెలవడం ఒక ఎత్తు.

"మళ్లీ తెచ్చారా అత్తయ్యా!"

"పది రోజులు గడువివ్వు బాబూ. అప్పటికీ దారికి రాకపోతే నేనే ఇచ్చేసి వస్తాను."

ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. కుందేలు గూడు కూడా మిషను పక్కనే పెట్టుకుంది. మిషను తొక్కితే చాలు, కుందేలు వెనక కాలితో నేలను దబదబా బాదేది. "నాకు తాళం వేస్తోంది!" అని వీధంతా చాటింపేసింది. మూడో రోజుకి అది ఆకు ముట్టడం మానేసింది. అంతలో దారం తెగి మిషను ఆగింది. కాలి చప్పుడూ ఆగింది. వంగి చూస్తే మూలకి నక్కి వణుకుతోంది. శత్రువొచ్చాడని తోటివాటికి చెప్పుకునే చప్పుడు అది!

"నా తెలివి తెల్లారినట్టే ఉంది వదినా. అది మొర పెట్టుకుంటుంటే నేను కచేరీ అనుకున్నాను" అని చెంపలేసుకుంది.

ఆ పూటే మిషను మీద గుడ్డ కప్పేసింది. "పైనుంచి చెయ్యి వెయ్యకు తల్లీ, దానికి అది గద్ద కింద లెక్క" అని మనవరాలికి చెప్పింది. తను నేలమీద చతికిలబడి, దానివైపు కన్నెత్తి చూడకుండా, చొక్కాలన్నీ చేత్తోనే కుట్టింది. పని గుట్టపడింది. వేళ్లు వాచాయి. ఆరో రోజు కుందేలు వచ్చి ఆమె పాదం వాసన చూసింది. మరదలు ఊపిరి బిగబట్టింది గానీ చెయ్యి చాపలేదు. ఎనిమిదో రోజు కుందేలు ఎవరిదో చొక్కా అంచు కొరికిపెట్టింది. చొక్కా పోయిందని ఏడవాల్సింది పోయి, మా వరలక్ష్మి మురిసిపోయిందా లేదా అని అడగండి!

పదో రోజు అల్లుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మనవరాలు బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటోంది. కుందేలు వచ్చి, పిల్ల మోచేతి పక్కన దభీమని ఒక పక్కకి ఒరిగి, కాళ్లు బారచాపింది.

"అయ్యో, దీనికేమైంది?" అన్నాడు అల్లుడు.

"భయం పోయింది" అంది మరదలు, కుట్టు మీంచి తల ఎత్తకుండానే. "చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే నిన్నూ రానిస్తుంది."

అంత మనిషీ చెప్పులు విప్పి, పిల్లిలా వచ్చి నేలమీద కూర్చున్నాడు. ఇచ్చేసే మాట మళ్లీ ఎత్తితే ఒట్టు.

ఆ సాయంత్రమే మరదలు మా ఇంటికొచ్చింది. తనకంటూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి.

"వదినా, నా మిషను మీ వసారాలో పెట్టుకోనీ. రోజూ వచ్చి ఇక్కడే కుట్టుకుంటాను. నీకెలాగూ ఒక చెవి పనిచెయ్యదుగా!"