కిటికీలోంచి ఆడిన కుంటెబిల్లె

వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటు కింద, ఉయ్యాలల పక్కన కొత్తగా ఒక బోర్డు పెట్టారు, పన్నెండేళ్ళు దాటిన పిల్లలు ఇక్కడ ఆడరాదని. చదివి మొదట నవ్వుకున్నాను గానీ, పైకొచ్చి కాఫీ తాగుతున్నంతసేపూ నా పదమూడో ఏడే గుర్తుకొచ్చింది.

డెబ్బైలలో మాకు ఈ బెంగళూరులోనే బళేపేటలో గాజుల అంగడి ఉండేది, దాని మేడమీదే మా కాపురం. ఆటస్థలమంటే అంగడి వెనకున్న సందే. తొక్కుడుబిళ్ళను మేమంతా కన్నడంలోలాగే కుంటెబిల్లె అనేవాళ్ళం. అందులో బిళ్ళగా వేసే గాజుముక్కల గొలుసును దీపం మీద కాచి అతికించడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త గర్వం కూడా. నేను పెద్దమనిషినైన నెలలోనే అదంతా ముగిసింది. "ఇంక సందులో ఎగిరేది చాలు పాపా, చూసేవాళ్ళు ఉండారు," అని అమ్మ మెల్లగానే చెప్పింది. అరిచి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. బడి, ఇల్లు, తప్పితే కిటికీ ఊచలు. మధ్యాహ్నాలు ఊపిరాడేది కాదు.

మా చెల్లెలు తొమ్మిదేళ్ళది, గట్టిపిండం. సరిగ్గా మా కిటికీ కిందకొచ్చేలా గళ్ళు గీసేది. నేను గొలుసుకు దారం కట్టి ఊచల్లోంచి మెల్లగా వదిలితే, అది పడిన గడిని బట్టి నా బదులు తను కుంటేది. దారం గుంజి మోసం చేస్తున్నానని కిందున్న పిల్లలు నన్ను ఆడిపోసుకునేవాళ్ళు, నేనూ తగ్గేదాన్ని కాదు. తిట్లు తింటున్నానంటే ఇంకా ఆటలో ఉన్నట్టే కదా అని నా ధీమా.

ఒక ఆదివారం అమ్మా నాన్నా పెళ్ళికి వెళ్ళారు. లంగా ఎగదోపుకుని, ఆడదామని మెట్లు దిగి సందులోకి వెళ్ళాను. నన్ను చూడగానే ఆట ఆగింది. నిన్నటిదాకా నాతో జగడమాడిన పిల్లే మిగతావాళ్ళను గోడవైపు జరిపి, "అక్క పోతాది, దోవ ఇడ్సండి," అంది. మా చెల్లెలు కూడా జరిగి నిలబడింది. నేను ఏదో పనిమీద వెళ్తున్నదానిలా సందు చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి, మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత ఎప్పుడూ దారం వదల్లేదు.

ఇప్పుడా సందులో పిల్లలు లేరు, స్కూటర్లు ఉన్నాయి. మా మనవరాలికి పదకొండేళ్ళు, దాన్ని ఆడొద్దనేవాళ్ళే లేరు, కానీ ట్యూషన్ల మధ్య దానికి కిందికి దిగే తీరిక లేదు. ఆడుకోవే అంటే నన్ను వింతగా చూస్తుంది. అమ్మ మీద కోపం నాకు ఎప్పుడో పోయింది, ఆమె కాలం అలాంటిది. గోడకు ఒదిగి నాకు దోవ ఇచ్చిన ఆ పిల్లల మీదే, పాపం ఏ తప్పూ చేయని వాళ్ళ మీదే, ఎందుకో ఇంకా పోలేదు.