రేడియేటర్లో పసుపు

పోయిన నెల ఒక ఆదివారం బెంగళూరు నుంచి ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి, ఎమ్మిగనూరులో మా అక్క ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడివున్న పాత కారును కొనే ముందు దాని మూతి భాగమంతా విప్పి చూస్తూ, రేడియేటర్ అడుగున గట్టిపడిన పెచ్చు ఒకదాన్ని గోటితో గీరి, ఇదేమిటి సార్, ఇసుకా కాదు తుప్పూ కాదు అని నన్నడిగారు. పసుపు అన్నాను. ముసలాయన తమాషా చేస్తున్నాడనుకుని మర్యాదకు నవ్వారు. మన ఈడు వాళ్లకైతే వేరే చెప్పనక్కర్లేదు, రేడియేటర్ కారితే దోవలో ఏ ఇంటి ముందో బండి ఆపి గుప్పెడు పసుపు అడిగి పోసుకుని ఊరు చేరిన కాలం మనది. అయితే ఈ పసుపును అక్కడికి పంపింది మా నాయన అనీ, ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది అక్కా నేనూ ఇద్దరమేననీ వాళ్లకు చెప్పబుద్ధి కాలేదు. మీకు చెబుతాను.

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ఇంజిన్ ఫిట్టరు. పత్తిలో గింజ వేరు చేసే ఆ మరల మధ్య బతికిన మనిషి కాబట్టి మాట గట్టిగా ఉండేది, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. మా బావ దానికి సరిగ్గా తలకిందులు. ఎమ్మిగనూరులో మగ్గాలు బిగించడం, బాగుచేయడం ఆయన పని. పొద్దంతా మాట్లాడకుండా ఉండమన్నా ఉండగలడు. పెళ్లయిన మరుసటి ఎండాకాలం అక్కను తీసుకుపోవడానికి వచ్చి, ఒళ్లు వెచ్చగా ఉన్న మనిషిని కిక్కిరిసిన బస్సులో నిలబెట్టి తీసుకుపోతుంటే, మా నాయన బస్టాండులో నలుగురూ వినేలా అనకూడని మాట అనేశాడు. "ఆడపిల్లను మూటలెక్క ఏసుకపోయేటోనికి పెండ్లెందుకప్పా?" అన్నాడు. బావ తల వంచుకుని బస్సెక్కాడు. ఎమ్మిగనూరు చేరాక మాత్రం కబురు పంపాడు, మీ కూతురిని నా సొంత కారులో తెచ్చిన రోజే మీ వాకిలి తొక్కుతాను అని. సైకిలుకు గాలి కొట్టించుకోవడానికే ఆలోచించే మనిషి అన్న మాట అది. మా బంధువులు పెళ్లిళ్లలో ఆ మాట చెప్పుకుని చాలాకాలం నవ్వుకున్నారు. అక్క మాత్రం మొగుడు తొక్కని వాకిలి తానూ తొక్కనని కూర్చుంది. పంతంలో ఆమె నాయన కూతురే.

ఆ తరువాత మిల్లు మూతబడింది. మరలన్నీ తుక్కు కింద పోయినప్పుడు, వెనక గోదాములో పత్తిగింజల పొట్టు కింద నుంచి ఒక కారు బయటపడింది. మిల్లు యజమాని చిన్న కొడుకు కుర్రతనంలో మోజుపడి విదేశం నుంచి తెప్పించుకున్న సీమ బండి అది, ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారు, పొడుగాటి ముక్కు, సైకిలు చక్రాల్లాగా పుల్లల చక్రాలు, పైకప్పు లేదు, నేలకు ఆనుకుని కుందేలు పొంచి కూర్చున్నట్టు ఉండేది. తుక్కు వ్యాపారి దగ్గర బావ దాన్ని సంపాదించి ఎద్దులబండికి కట్టి ఎమ్మిగనూరుకు లాక్కుపోయాడు. ఎద్దులు లాగే కారని ఊరంతా వీధుల్లోకి వచ్చి చూసిందట.

నాకు అప్పుడే ఆదోనిలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, ఆదోని పాత సామాన్ల అంగళ్లలో దొరికిన బోల్టులూ రబ్బరు గొట్టాలూ సంచిలో వేసుకుని బావ దగ్గరికి పోయేవాణ్ణి. ఆ బండికి విడిభాగాలు మన దేశంలోనే దొరకవు, మరి ఎమ్మిగనూరులో ఎక్కడ దొరుకుతాయి? అందుకని బావ మగ్గం సామానుతోనే దాన్ని నిలబెట్టాడు. యాక్సిలరేటర్ తొక్కి వదిలితే వెనక్కి లాగే స్ప్రింగు మగ్గానిది, బానెట్టు బిగించే తోలుపట్టీ మగ్గానిది. నూలు పెట్టెల అట్టను ఇంజిన్ అంచు మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి తట్టి, అతుకు కారకుండా అడ్డుపెట్టే గాస్కెట్టు కత్తిరించేవాడు. పెట్రోలు గొట్టంలోనూ కార్బురేటర్లోనూ ఎంత ఊదినా పత్తిపోగులు వస్తూనే ఉండేవి. ఆ ఆదివారాల్లో ఆయన నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు, అయినా అంత హాయిగా నేను మరెవరి పక్కనా కూర్చోలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఉండేవాడు. "ఏమప్పా, ఇంజిన్ పలికెనా?" అని అడిగేవాడు. మొదట్లో అది ఎకసెక్కం. పలకలేదంటే పకపకా నవ్వి, మగ్గం అనుకున్నాడేమో మీ బావ అనేవాడు. రాను రాను ఆ నవ్వు పోయింది, ప్రశ్న మాత్రం మిగిలింది. ఎందుకు పలకలేదు, కరెంటు వస్తోందా, పెట్రోలు దిగుతోందా అని నన్ను నిలబెట్టి అడిగేవాడు. ఆ బండి మిల్లులో తిరిగిన రోజుల్లో దాన్ని చూసుకున్నది ఆయనే మరి, దాని గుణాలన్నీ ఆయనకు తెలుసు. నేను ఆదోనిలో విన్నది ఎమ్మిగనూరులోనూ, ఎమ్మిగనూరులో చూసింది ఆదోనిలోనూ చెప్పేవాణ్ణి. రేడియేటర్ కారుతోందంటే, గుప్పెడు పసుపు వేసి ఒక ఉడుకు రానిమ్మని, చిల్లు అదే పూడుతుందని నాయన చెప్పి పంపాడు. ఆ పసుపు కూడా మా ఇంట్లోదే పొట్లం కట్టించాడు. బావ చేతులు తుడుచుకుని ఆ పొట్లం అందుకుని, చిందకుండా రేడియేటర్లో పోశాడు. ఇద్దరూ అక్క పేరు ఎత్తేవాళ్లు కాదు. మామా అల్లుళ్లు ఒక ఇంజిన్ అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటున్నారని, ఆ మాటలు మోసే గాడిదను నేనని నాకు తెలుస్తూనే ఉండేది.

ఇంతలో నాయనకు ఆయాసం ముదిరింది. ఇన్నేళ్లు పీల్చిన పత్తిదుమ్ము ఊరికే పోతుందా? రాత్రిళ్లు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్ర. ఒక ఆదివారం నేను బయలుదేరుతుంటే పిలిచి, మొదటిసారి అసలు మాట, కూతురి మాట అడిగాడు. "బస్సులో అయినా రమ్మను, అమ్మిని సూడల్ల" అన్నాడు. ఆ మాట చెప్పగానే అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బావ మాత్రం స్పానరు దించకుండా, ఇంగొక్క ఆదివారం అన్నాడు. ఇంజిన్ అప్పటికే పలికింది, బ్రేకులు పట్టాయి, ఇంకేమిటి బావా అంటే, పైకప్పు అన్నాడు. ఎండలో నెత్తిన గుడ్డ లేకుండా తీసుకుపోతే మీ నాయన మళ్లీ ఏమంటాడో అన్నాడు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇన్నేళ్లయినా పూర్తిగా చల్లారలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

పైకప్పు గుడ్డ బావ స్వయంగా నేశాడు, దుప్పటి కంటే మందంగా, పడుగు నూలుకు చిక్కటి గంజి పట్టించి. మగ్గం దిగిన గుడ్డ అట్టలాగా నిగనిగలాడుతూ ఉంది. నేసినవాళ్లకు తెలియని సంగతి కాదు, మొదటిసారి తడిస్తే నూలుగుడ్డ కుంచించుకుపోతుంది, కొలిచి కుట్టే ముందు ఒకసారి నీళ్లలో ముంచాలి. అయితే మనలో కొత్తబట్టను తడిపి కట్టుకోరు కదా, ఒక మూల పసుపు పెట్టి అలాగే కట్టుకుంటారు. అక్క ఒప్పుకోలేదు. "తడిపితే అది కొత్తబట్ట ఎట్లయితాది? ఇన్నేండ్లకు పుట్టింటికి పోతాండాను, పాతబట్ట కప్పుకోని పోవాల్నా?" అంది. బావ ఆమె మాట కాదనలేదు. వాన వస్తే ఆ బండి మొరాయిస్తుంది, ప్లగ్గులకు కరెంటు పంచే మూత తడవకుండా చూసుకోమను అని కూడా నాయన ముందే చెప్పి పంపాడు. నేను చెప్పాను. బావ ఆకాశం వైపు చూసి నవ్వాడు. "వాన యాడుందప్పా మన దిక్కున? పడినప్పుడు సూసుకుందాం లే" అన్నాడు. నిజమే, ఆ యేడు చినుకన్నది లేదు. వేసిన విత్తనం మట్టిలోనే మాడిపోయింది. అలాంటి ఊళ్లో వానకని ఎవరు ఆలోచిస్తారు?

తరువాతి ఆదివారానికి నాయన అన్నం మానేశాడు. ఈ రోజు ఎలాగైనా అక్కను తీసుకొస్తాను అని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పి, తొలి బస్సుకే పోయాను. నేను పోయేసరికి బండి వీధిలో ఉంది, పైకప్పు డప్పులాగా బిగించి ఉంది, అక్క కొత్త చీరతో వచ్చి ఆ గుడ్డ మూలకు పసుపు పెడుతోంది. గంటసేపటి దారి, ఇక బస్సు మాటెందుకు? వాళ్లిద్దరూ ముందు కూర్చున్నారు, సీట్ల వెనక పెట్టె పెట్టుకునే చోట నేను మూటలాగా ముడుచుకున్నాను. బండి ఎంత బాగా పోయిందనుకున్నారు! అక్క ఒక్కసారి వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వింది. పెళ్లికి ముందు నవ్విన నవ్వు అది.

సగం దారి దాటాక ఆదోని కొండల మీద మబ్బు దిగింది. ఈదురుగాలి, ఆ వెంటనే వాన. చేలల్లో రైతులు పని ఆపి, తడుస్తూ, ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. లోకమంతా సంతోషించిన వానలో మేం ముగ్గురమే బెదిరిపోయాం. గుడ్డ బిగుసుకుంటూ బిగుసుకుంటూ పోయి, అద్దం పైన కొక్కేల నుంచి ఒక్కొక్కటే ఊడి, కుట్టు వెంబడి చిరిగింది. గంజినీళ్లు తెల్లగా అక్క చీర మీద కారాయి. ఇంకొంచెం దూరం పోయి ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. బావ చొక్కా విప్పి, బానెట్టు కిందికి దూరి, నాయన చెప్పిన ఆ కరెంటు మూత ఊడదీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచే గుడ్డే తడిగా ఉంటే ఏం లాభం?

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సు వచ్చి మా పక్కన ఆగింది. కండక్టరు తలుపు తీసి రండి రండి అని కేక వేశాడు. అక్క పోయి మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగి, వానలో ఒట్టి వీపుతో ఇంజిన్ మీద వంగి దాన్ని తన ఒంటితో కప్పుతున్న మనిషిని చూసింది. "పొండప్పా, మేము దీంట్లోనే వస్తాం" అని కాలు దించేసింది. నేను ఆమె మీద అరిచాను. "నేను ఆదోనిలో బస్సు దిగితే ఆయప్ప మా నాయనకు మొగం యెట్ల సూపిస్తాడబ్బీ?" అంది. బస్సు పోయింది.

సాయంత్రానికి గాని వాన వెలవలేదు, వెలిశాక మూత ఆరింది, ఇంజిన్ పలికింది. దీపాలు పెట్టే వేళకు మా వీధిలోకి వచ్చాం. మా గేటు కింద రెండు మెట్టుబండలు ఉండేవి, ఏ బండైనా వీధిలోనే ఆగాలి. ఆ బండలు లేవు. పెకలించి పక్కన వేసి, గుంతలో మట్టి పోసి చదును చేసి ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. బావ బండి ఆపకుండా నేరుగా లోపలికి పోనిచ్చాడు. వాకిట్లో జనం అటూ ఇటూ తప్పుకుంటే గాని కనపడలేదు, వసారాలో గేటు వైపు ముఖం పెట్టి నాయనను పడుకోబెట్టి ఉన్నారు. మేం రావడానికి కాసేపటి ముందే పోయాడట. బండలు పొద్దున తానే కూలివాళ్లను పిలిపించి తీయించాడని అమ్మ చెప్పింది. "వాన పడతాంటే ఏమనె తెలుసునా? బండి నిలిసిపోయింటాది, ఆరినాక వస్తారు, గేటు మూయొద్దండి అనె" అంటూ అక్కను పట్టుకుని కూలబడిపోయింది. బావ స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. ఇంజిన్ అలాగే ఆడుతూ ఉంది, దాన్ని ఆపడం ఎవరికీ తోచలేదు, చివరికి నేనే ఆపాను.

దినాలయ్యాక బావ దాన్ని ఎమ్మిగనూరు తీసుకుపోయి షెడ్డులో పెట్టాడు. మళ్లీ నడపలేదు, అమ్మనూ లేదు. రెండేళ్ల కిందట ఆయనా పోయాడు. ఆ కుర్రవాళ్లు మంచివాళ్లే, బండిని కొత్తదానిలా చేస్తారట, మగ్గం స్ప్రింగు, తోలుపట్టీ తీసి ఒక సంచిలో వేసి అక్క చేతికిచ్చారు. రేడియేటర్ను పెరట్లోనే పైపు పెట్టి కడిగారు. తుప్పుతో కలిసి పసుపునీళ్లు బండల మీద పారాయి. అక్క ఆ నీళ్లు తొక్కకుండా, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గోడవారగా నడిచి లోపలికి పోయింది.

ఇప్పుడు నాకూ ఒక కారుంది. బానెట్టు తెరిస్తే లోపల ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాని కింద ఏముందో చూసే పని నాకు లేదు. ఎంత వానలోనైనా ఆగదు. అక్కను అందులో కూర్చోబెట్టుకుని, అమ్మ కూడా పోయాక తాళం పడిన ఆదోని ఇంటికి తీసుకుపోతుంటాను, అద్దాలు మూసుకుని అరగంటలో పోతాం, ఆ మెట్టుబండలు మేం మళ్లీ పెట్టలేదు కాబట్టి నేరుగా వాకిట్లోకే పోతాం. పోయి, తాళం నేనే తీస్తాను. ఏమప్పా, ఇంజిన్ పలికెనా అని అడిగేవాళ్లు ఇప్పుడా వాకిట్లో లేరు.