ఆదివారం ఆరింటికి టీవీ కట్టేయండి

కెమెరా బాబూ, మెడనొప్పి ఎలా ఉంది? కాపడం పెట్టుకుంటున్నావా, లేకపోతే ఆ స్ప్రే కొట్టుకుని ఊరుకుంటున్నావా? కోడలు పిల్లా, నీ గొంతు బాగైందా? మిరియాల పాలు తాగమన్నాను, తాగావా? లైట్ల అన్నయ్యగారూ, షుగరు చూపించుకున్నారా? మేకప్ అమ్మాయీ, పసిదానికి జ్వరం తగ్గిందా? ఈ పేజీ చదువుతున్న అమ్మలూ, అయ్యలూ, మీ ఇళ్ళల్లో అందరూ కులాసాయేనా? మోకాళ్ళూ, బీపీలూ, కళ్ళూ అన్నీ బాగున్నాయా?

ఇలా అడగడం నా అలవాటు కాదు, అతనిది. రాజమండ్రిలో మా ఆదివారం కామెడీ ప్రోగ్రాం మొదలయ్యే ముందు, ఎర్ర లైటు వెలగకముందే, అతను అందరి దగ్గరికీ వెళ్ళి పేరుపేరునా ఆరోగ్యం అడిగేవాడు. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. టీవీలో నా కొడుకు వేషం వేసే మనిషి పోయాడు. పోయిన నెలలో, ప్రోగ్రాం నడుస్తూండగా, మీ అందరి కళ్ళ ముందే పోయాడు. మీలో చాలామంది నవ్వారు.

ఈ పత్రికవాళ్ళు నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. "మీ స్టైల్లో కాస్త సరదాగా రాయండి మామ్మగారూ" అన్నారు. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు వంకరపోతే మా మనవరాలు దిద్దుతోంది. కోపాన్ని మాత్రం దిద్దొద్దని చెప్పాను.

నేను టీవీలోకి ఎలా వెళ్ళానో ముందు చెప్పాలి. మనవరాలు సరదా పడిందని ప్రోగ్రాం చూడ్డానికి వెళ్ళాను. పాత ధాన్యం గోడౌనుకి నల్లగుడ్డలు కట్టి స్టూడియో అన్నారు. నేలంతా వైర్లే. ఒక వైరు మీద ఇంకో వైరు, వాటి మీద పిల్లల కాళ్ళు. నాకు గుండె దడ మొదలైంది. అంతలో ఒకాయన టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అటుగా వెళ్తున్నాడు. "ఒరేయ్ నాయనా, కింద చూసుకో, పడతావురా!" అని అరిచాను. అతను నావైపు చూసి, చెవి గోక్కుని, పళ్ళెంతో సహా దబ్బున పడ్డాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను ఏడుపు మొహం పెట్టాను. అతను లేచి, దుమ్ము దులుపుకుని, నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"పిన్నిగారండీ, ఓ గంట ఖాళీయేనాండి? మా అమ్మ వేషం వేసే ఆవిడ రైలు సామర్లకోటలో ఆగిపోయిందండి."

"నాకు నటన రాదు బాబూ. బీపీ ఉంది. దడ ఉంది."

"మీరు నటించొద్దండి. ఇప్పుడు భయపడ్డారు చూడండి, అలాగే భయపడండి చాలు. పడేది నేను కదండి."

అంతే. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను భయపడ్డాను, అతను పడ్డాడు. నిచ్చెన మీద నుంచీ, పెళ్ళిపీటల మీద నుంచీ, సైకిలు మీద నుంచీ. అట్టముక్కల మీద పెద్దక్షరాలతో రాసి పట్టుకునే మాటలు నేను అంత తొందరగా చదవలేను. అందుకని మా ఇద్దరికీ ఒక గుర్తు పెట్టాడు. అతను చెవి గోక్కుంటే నేను "పడతావురా నాయనా" అనాలి. నేను అన్నాకే అతను పడాలి. లైవు కదండీ, తప్పితే మళ్ళీ తీసుకునేది ఉండదు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అతనిది పెద్దాపురం. పొద్దున్నే సామర్లకోటలో రైలెక్కి వచ్చేవాడు. స్కిట్టులు తనే రాసేవాడు. ఎవరి మాటలు వాళ్ళకి తనే నేర్పేవాడు. లైట్లు వేసే ముందు ఒక మూలకి వెళ్ళి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. నేను అన్నవరం వెళ్ళొచ్చినప్పుడల్లా ఆకు పొట్లంలో ప్రసాదం తెచ్చి ఇస్తే, అందరికీ తలా కాస్త పెట్టి, ఆకుకి అంటుకున్నది తను తినేవాడు. "మీ స్వామికి నా తరఫున థాంక్సు చెప్పండి పిన్నిగారండీ. నా మోకాళ్ళ బాధ్యత ఆయనకి కూడా అప్పజెప్పండి" అనేవాడు.

పడటం గురించి అతను కొత్తవాళ్ళకి చెప్పేది నాకు నోటికొచ్చు. ముందు మోకాలు వంగాలి, తర్వాత పిర్ర, తర్వాత భుజం. "తల మాత్రం నేలకి ఇవ్వకూడదురా. తలని ఇంటికి పట్టుకెళ్ళాలి" అనేవాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పాత చీరలతో ఒక బొంత కుట్టి తీసుకెళ్ళాను. సోఫా వెనకాల, కెమెరాకి కనబడకుండా పరిచాం. అతను దాని మీద పడి, జనం నవ్వుతూంటే, సోఫా చాటు నుంచి నాకు చెయ్యి ఊపేవాడు. బాగానే ఉన్నాను అని. ఆ చెయ్యి కనబడేదాకా నేను ఊపిరి పీల్చేదాన్ని కాదు.

ఆ బొంతని మా డైరెక్టరు తీయించేశాడు. పెద్ద కెమెరా పెట్టాక దాని అంచు కనబడుతోందట.

"జనానికి ఒరిజినల్‌గా పడటం కావాలి మామ్మగారూ. సౌండు రావాలి."

"సౌండు కావాలంటే నువ్వు పడు బాబూ. నేను చూసి నవ్వుతాను" అన్నాను.

అందరూ నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వాడు. నేను కోప్పడినా నవ్వుతారు, ఏడ్చినా నవ్వుతారు. అదొక శాపంలా అంటుకుంది నాకు. అతను మాత్రం నన్ను పక్కకి తీసుకెళ్ళి, "పోనివ్వండి పిన్నిగారండీ, నేల కూడా నాకు అలవాటైంది" అన్నాడు. బొంత జనరేటరు గదిలో ఒక మూలన పడింది.

అతని మీద కూడా నాకు కోపమే. రాయకుండా ఎలా ఉంటాను? ఊరందరి ఆరోగ్యం అడిగే మనిషిని నేను వారం వారం అడిగాను. "నీ సంగతేంటి నాయనా? మొహం పాలిపోయింది" అంటే, "పౌడరు ఎక్కువైందండి" అనేవాడు. "చెయ్యి అలా పట్టుకున్నావేంటి?" అంటే, "నా చెయ్యే కదండి, వేరేవాళ్ళది పట్టుకుంటే అడగండి" అనేవాడు. కాకినాడలో డాక్టరు గుండె బాగా లేదని, ఇలాంటి పనులు మానేయమని ముందే చెప్పాడట. ఇంట్లో ఆవిడ కాళ్ళావేళ్ళా పడిందట. ఆ నెలాఖరుదాకా చేసి మానేస్తానన్నాడట. నాకు చెప్పలేదు. చెబితే నేను గుమ్మంలో అడ్డంగా కూర్చునేదాన్నని తెలుసు అతనికి.

ఆ రోజు స్కిట్టులో అతను స్టూలెక్కి ఫ్యాను తుడవాలి. నా కోడలి వేషం వేసే పిల్ల కింద నుంచి దెప్పుతూ ఉంటుంది. నేను గుమ్మంలో నిలబడి భయపడాలి. అతను స్టూలు మీద చెయ్యి వేశాడు. ఎక్కలేదు. చెవి గోక్కోలేదు. నేను ఇంకా నా మాట అనలేదు. అలా నిలువునా ముందుకి పడిపోయాడు. మోకాలు వంగలేదు. ముందు తలే తగిలింది.

జనం విరగబడి నవ్వారు.

నాకు అర్థమైపోయింది. పరుగెత్తాను. "పడిపోయాడు బాబూ! నిజంగా పడిపోయాడు! ఆపండి!" అని అరిచాను. ఈలలు వేశారు. వారం వారం నేను అరిచేది అదే కదా మరి. అద్దాల గదిలో ఉన్న డైరెక్టరు వైపు రెండు చేతులూ ఊపాను. అతను బొటనవేలు పైకెత్తి చూపించాడు. బ్రహ్మాండంగా ఉంది అని. ఆ వేలు నా కళ్ళల్లోంచి పోవడం లేదండీ.

కింద కూర్చుని తల ఒళ్ళో పెట్టుకున్నాను. టీవీలో ఉన్నంతసేపూ అతను నన్ను "అమ్మా" అనే పిలుస్తాడు. లైట్లు ఆరాకే పిన్నిగారు. అప్పుడు లైట్లన్నీ వెలుగుతున్నాయి. అతను "పిన్నిగారండీ" అన్నాడు.

"చెప్పు నాయనా."

"మా ఆవిడ చూస్తూంటుందండి. టీవీ కట్టేయమనండి."

ఆ మాట నేను విన్నాను, దగ్గర్లో ఉన్న కోడలు పిల్ల వింది. కోడలు పిల్ల కెవ్వుమంది. దానికీ నవ్వారు. కెమెరా బాబు ఒక్కడే కెమెరా వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత గానీ ప్రకటనలు వేయలేదు.

పెద్దాపురంలో చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు. అక్కడ అతని భార్య నా చెయ్యి పట్టుకుని, "ఆఖర్న మీతో ఏదో అన్నారు కదండి, పెదవులు కదిలాయి. ఆ నవ్వుల్లో ఏమీ వినబడలేదండి. ఏమన్నారండి?" అని అడిగింది. చుట్టూ మనుషులు. ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. తర్వాత చెప్తానమ్మా అన్నాను.

ఈలోగా ఆ పడిన ముక్క ఒక్కటే కోసి ఎవరో ఫోన్లలో తిప్పారు. కింద నవ్వే బొమ్మలు. బజారుకి వెళ్తే కూరలమ్మే అతను "పడతావురా నాయనా" అని నన్నే వెక్కిరించాడు. "నీ తండ్రి పోయినా ఇలాగే నవ్వుతావా?" అన్నాను. దానికీ నవ్వాడు. తర్వాత పక్కనున్నామె చెవిలో ఏదో చెప్పింది. అప్పుడు తల దించుకున్నాడు. వంకాయలు అక్కడే పారేసి వచ్చేశాను.

పోయిన వారం డైరెక్టరు ఫోను చేశాడు.

"మామ్మగారూ, వచ్చే నెల మొదటి ఆదివారం ఆరింటికి శ్రద్ధాంజలి స్పెషలండి. లైవు. ఆ క్లిప్పు వేస్తాం. అది అయ్యాక మీరు ఫొటో దగ్గర నిలబడి ఒక్కసారి ఆ డైలాగు చెప్తే చాలు."

"ఏ డైలాగు?"

"అదేనండి, పడతావురా నాయనా. జనం ఏడుస్తారండి. ఎంత అదృష్టవంతుడండి, నవ్విస్తూ పోయాడు."

"నవ్విస్తూ పోలేదు బాబూ. ఊపిరాడక పోయాడు. మీరు నవ్వారు, అది వేరు" అన్నాను. "ఆ ముక్క వేయొద్దు. అతని భార్య ఉంది."

"ఆవిడకి మేం సర్ది చెప్తాం లెండి. మీరు రాకపోయినా క్లిప్పు ఆగదండి మరి."

ఫోను పెట్టేశాక బీపీ మాత్ర వేసుకున్నాను. ఇంకో మాత్ర వేసుకోవచ్చా అని మనవరాల్ని అడిగాను. తర్వాత పెద్దాపురం ఫోను చేశాను. ఇక దాచకూడదనుకున్నాను. అతను అన్న మాట అన్నట్టుగా చెప్పేశాను.

లైను పోయిందేమోనని "అమ్మాయీ, అమ్మాయీ" అన్నాను.

"ఉన్నానండి" అంది. "నేను కట్టలేదండి పిన్నిగారూ. అంతా చూశాను. మొదట నేనూ నవ్వానండి."

"ఆ ఆదివారం వీధివీధంతా ఆ ఛానెలే పెడతారండి. గోడ అవతల నుంచి వినబడుతుంది. ఒక్కదాన్నే ఎలా ఉండనండి?" అంది.

"నువ్వు ఒక్కదానివి ఎందుకుంటావు? నేనొస్తాను."

అందుకే, చదివే బాబులూ తల్లులూ, ఇదంతా రాస్తున్నాను. నా కొడుకు గొప్పవాడని పొగడ్డానికి కాదు. అలా పొగిడితే పౌడరు ఎక్కువైందండి అనేవాడు. ఆఖరి ఊపిరిలో అతను ఒక్కటే అడిగాడు. తను పడిపోవడం తన మనిషి చూడకూడదని అడిగాడు. ఒకసారి ఎలాగూ జరగలేదు. రెండోసారైనా జరగాలి. ఆ రోజు ఆరింటికి మీరు ఎవరూ ఆ ఛానెలు పెట్టొద్దు. మీ ఇంట్లో పెడితే మీ పక్కింట్లో వినబడుతుంది. ఆ పక్కిల్లు పెద్దాపురంలో ఆవిడదే అనుకోండి.

కెమెరా బాబూ, అందుకే అడిగాను నీ మెడ సంగతి. తగ్గకపోతే మంచిదే. ఆ ఆదివారం దాటేదాకా తగ్గనివ్వకు. కోడలు పిల్లా, నిన్న ఫోనులో నీ గొంతు బాగానే ఉంది. అయినా ఆ రోజుకి మాట రాదని ఆ డైరెక్టరుకి చెప్పు. అన్నయ్యగారూ, షుగరు పరీక్ష ఆ సాయంత్రమే పెట్టుకోండి. లైట్లు వేసేవాడూ, కెమెరా పట్టేవాడూ లేకుండా లైవు ఎలా చేస్తాడో నేనూ చూస్తాను. మీ ఉద్యోగాలకి ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు. అయినా అడుగుతున్నాను.

జనరేటరు గది నుంచి బొంత తెచ్చుకున్నాను. ఉతికి ఆరేశాను. దాని మీద పౌడరు మరక ఒకటి పోలేదు, పోనివ్వలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి సామర్లకోటలో దిగుతాను. ఆటోవాణ్ణి నెమ్మదిగా పోనివ్వమని బతిమాలుకుంటూ పెద్దాపురం చేరతాను. రాగలిగినవాళ్ళు రండి. ఆవిడ ముందుగదిలో టీవీ ఎదురుగా బొంత పరుస్తాను, ఇరుక్కుని కూర్చుంటే అందరం పడతాం. ఆరింటికి నా చేత్తో నేనే టీవీ కట్టేస్తాను.